24 మొక్కలు, ఒక పాత బోరు: బెంగళూరులో నిన్న-నేడు-రేపు పొదల ఆకులు పసుపెక్కిన కేసు

స్థలం: బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్ట్‌మెంట్ సముదాయం. కాంపౌండ్ గోడ పక్కన 18 మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మడి. అందులో 75 సెంటీమీటర్ల ఎడంతో 24 బ్రన్‌ఫెల్సియా (నిన్న-నేడు-రేపు) పొదలు. నాటింది 2023 జూన్‌లో, 10 అంగుళాల సంచుల్లో పెరిగిన మొక్కలు. మొదటి వేసవిలో బాగానే పూశాయి. 2024 వానలు సగంలో ఉండగా కొత్త చిగుళ్లు పసుపెక్కడం మొదలైంది. డిసెంబరు నాటికి చిగురాకులు దాదాపు తెల్లబడి, కొనలు మాడి, పాత ఆకులు రాలుతున్నాయి. మేం చూసింది 2025 జనవరి రెండో వారంలో.

ముందు ఒక చిన్న మాట. కమిటీ వాళ్లు మొదట పంపిన సందేశం "మొక్కలు పచ్చబడ్డాయి, వచ్చి చూడండి" అని. పచ్చగా ఉంటే చూడ్డానికేముంది అనిపించింది. మన భాషలో పచ్చదనం ఆకుదే, పచ్చకామెర్లూ పచ్చే. అందుకని ఇక్కడ పసుపు అన్నచోట పసుపు, ఆకుపచ్చ అన్నచోట ఆకుపచ్చ అని విడిగా రాస్తున్నాం.

మొక్క సంగతి

బ్రన్‌ఫెల్సియా పౌసిఫ్లోరా బ్రెజిల్ అడవుల మొక్క. పెద్ద చెట్ల నీడలో, రాలిన ఆకులు మెత్తగా కుళ్లిన పుల్లటి నేలలో పెరుగుతుంది. వంకాయ, మిరప, టమాటాల కుటుంబమే. 16వ శతాబ్దపు జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఓటో బ్రన్‌ఫెల్స్ పేరు దీనికి పెట్టారు. పౌసిఫ్లోరా అంటే కాసిని పూలు పూసేది అని అర్థం. మార్చిలో బెంగళూరు వీధుల్లో ఈ పొద చూసినవాళ్లెవరికీ ఆ పేరు నచ్చదు. పువ్వు విచ్చిన రోజు ముదురు ఊదా, మర్నాడు లేత ఊదా, మూడో రోజుకు తెలుపు. రేకుల్లోని ఊదా రంగు పదార్థాన్ని పువ్వులోని ఎంజైములే విరగ్గొట్టేస్తాయి, అందుకే ఒకే కొమ్మ మీద మూడు రంగులూ కనిపిస్తాయి. నర్సరీల్లో యెస్టర్‌డే టుడే టుమారో అనడిగితే ఇస్తారు, తెలుగిళ్లలో నిన్న-నేడు-రేపు అనేస్తారు.

ఈ కేసుకు కావలసిన లక్షణాలు రెండు. మొదటిది, ఇది పూర్తిగా నిత్యహరితం కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి చలి 15, 16 డిగ్రీలకు దిగి, నేల కాస్త ఎండితే పాత ఆకుల్లో కొంత భాగం రాల్చేస్తుంది. చెన్నైలో ఈ రాలుడు తక్కువ, పూత కూడా తక్కువే. ఆ చల్లటి, పొడి విరామమే మార్చి పూతకు మొగ్గ తొడిగిస్తుంది. రెండోది, దీని వేళ్లకు ఇనుము అందాలంటే నేల కాస్త పుల్లగా ఉండాలి. పీహెచ్ (నేల పులుపును చెప్పే కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 5.5 నుంచి 6.5 మధ్య హాయిగా ఉంటుంది. 7 దాటితే చిగురు పాలిపోతుంది. 7.5 దాటితే నేలలో ఇనుము ఎంత ఉన్నా మొక్క నోటికి అందదు.

బెంగళూరు ఎర్రమట్టి సహజంగా కాస్త ఆమ్లత్వం ఉన్నదే. ఈ మడిలో నాటేటప్పుడు పోసింది కూడా ఎర్రమట్టే. మరి ఏడాదిన్నరలో ఏమైంది అన్నదే ప్రశ్న.

మేం వెళ్లేలోపు జరిగిన వైద్యం

నాలుగు నెలల్లో ఈ మొక్కలకు యూరియా రెండుసార్లు, డీఏపీ ఒకసారి, ఎప్సమ్ సాల్ట్ మూడుసార్లు, ఒక పురుగుమందు, ఒక శిలీంద్రనాశిని పడ్డాయి. కోడిగుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద అదనం. హిందూపురం వైపు నుంచి వచ్చిన మాలి ఒకటే అన్నాడు: "ఏసినంత ఏస్తానే ఉండాం సార్, తినేది కనబడ్తుంది గానీ ఒంటికి పట్టేది లేదు." రోగనిర్ధారణ అంతా ఆ మాటలోనే ఉంది.

వీటిలో కొన్ని ఉత్త దండగ, కొన్ని ఎదురు హాని. డీఏపీలోని భాస్వరం ఎక్కువైతే ఇనుమును మరింత బిగించేస్తుంది. గుడ్డు పెంకు అంటే సున్నం. బూడిద అంటే క్షారం. మల్లెకో గులాబీకో అలవాటైన చేతులు ఈ మొక్కకూ అవే వేస్తాయి. పుల్లనేల కోరే మొక్కకు ఇవి రెండూ వెయ్యకూడదు.

ఆకును చదవడం

పసుపు ఎక్కడ మొదలైందో చూస్తే సగం సంగతి తేలిపోతుంది. నత్రజని చాలకపోతే కింది ముదురాకులు ఈనెలతో సహా పసుపెక్కుతాయి. మెగ్నీషియం లోపమూ కింది ఆకుల్లోనే మొదలవుతుంది, ఈనెల మధ్య భాగం మాత్రం పసుపెక్కుతుంది. ఇనుము మొక్కలో ఒకచోటి నుంచి మరోచోటికి కదలదు, అందుకే దాని లోపం చిగురు మీదే కనబడుతుంది. ఈనెలు ఆకుపచ్చ గీతలుగా మిగిలి, మధ్యలో జాలీలా పసుపు. ముదిరితే ఈనెలు కూడా తెల్లబడి అంచు మాడుతుంది.

ఇక్కడ చిగురే. కింది ఆకులు కాస్త మసకబారినా ఆకుపచ్చగానే ఉన్నాయి. మాంగనీసు లోపం కూడా ఇలాగే మోసం చేస్తుంది కాబట్టి సగం ఆకు పరీక్ష పెట్టాం. లీటరు వాననీటిలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపాం. పసుపెక్కిన కొత్త ఆకును ఒకదాన్ని ఎంచుకుని, నడిమి ఈనెకు ఒక పక్క మాత్రమే చిన్న బ్రష్‌తో ఆ నీళ్లు పూశాం. రెండో పక్క అలాగే వదిలేశాం. కాడకు ఎర్ర దారం కట్టాం. మూడు మొక్కల మీద మూడు ఆకులు. తొమ్మిదో రోజుకు ఆ ఆకులు నిలువునా రెండు రంగులయ్యాయి: పూసిన సగం లేత ఆకుపచ్చ, పూయని సగం నిమ్మపండు పసుపు. బ్రష్ జారి చుక్క పడినచోట కూడా ఒక ఆకుపచ్చ మచ్చ తేలింది. ఇనుము లోపమే అని చెప్పడానికి ఇంతకంటే చవకైన, నమ్మదగిన పరీక్ష లేదు.

లోపం ఇనుమే. అయితే నేలలో ఇనుము లేక కాదు. ఎర్రమట్టి ఎర్రగా ఉండేదే ఇనుము వల్ల.

మూడు మొక్కలు చెప్పిన సాక్ష్యం

24లో 21 మొక్కలు పసుపు. తూర్పు కొస నుంచి ఏడు, ఎనిమిది, తొమ్మిదో మొక్కలు మాత్రం ముదురు ఆకుపచ్చ. అదే నర్సరీ, అదే మట్టి, అదే ఎరువు. తేడా ఒక్కటే: క్లబ్‌హౌస్ పైకప్పు నుంచి దిగే వాన పైపు అడుగున పగిలి, వాన పడ్డప్పుడల్లా ఆ మూడింటి మొదళ్లలోకి నీళ్లు వదిలేది. ఆ పైపు బాగుచెయ్యమని ఫిర్యాదు కూడా రిజిస్టర్‌లో ఉంది. ఎవరూ పట్టించుకోకపోవడం ఆ మూడు మొక్కల అదృష్టం.

వెంటనే డ్రిప్పు నాజిళ్లు చూశాం. ప్రతి నాజిల్ మూతి చుట్టూ తెల్లటి గట్టి పొక్కు. కింద మట్టి మీద అరచేయంత తెల్లని వలయం. గోటితో గీకితే పలకలా లేచొస్తోంది.

మూడు చోట్ల మట్టి, రెండు రకాల నీళ్లు పరీక్షకు వెళ్లాయి. పైపు కింద మట్టి పీహెచ్ 6.4. మడి మధ్యలో 7.6. గోడను ఆనుకున్న వైపు 8.2. డ్రిప్పు నీళ్ల పీహెచ్ 7.9, క్షారత (ఆమ్లాన్ని విరిచే శక్తి) కాల్షియం కార్బొనేట్ లెక్కలో లీటరుకు 300 మిల్లీగ్రాములు, కాఠిన్యం 420. పైకప్పు వాననీటి క్షారత దాదాపు శూన్యం.

ఇక్కడ చాలామంది పీహెచ్ ఒక్కటే చూసి ఆగిపోతారు. నీటి విషయంలో అసలు చూడాల్సిన అంకె క్షారత. పీహెచ్ 8 ఉన్నా క్షారత తక్కువైతే ఆ నీళ్లు నేలను మార్చలేవు. పీహెచ్ 7.5 అయినా క్షారత 300 ఉంటే నెమ్మదిగా సున్నం పోసినట్టే. లెక్క వేద్దాం. మొక్కకు రోజుకు 4 లీటర్లు. లీటరుకు 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 1.2 గ్రాముల సున్నపురాయి పొడితో సమానం. నీళ్లు పెట్టిన 200 రోజులకు 240 గ్రాములు. ఈ మొక్క మొదట్లో పావుకిలో సున్నం పొయ్యమంటే ఏ మాలీ పొయ్యడు. డ్రిప్పు పోసింది.

మరి మొదటి ఏడాది ఎందుకు బాగున్నాయి? రికార్డులు తిరగేస్తే తేలింది. 2024 మార్చి దాకా తోట లైను కావేరి నీళ్లు కలిసే సంపు నుంచి వచ్చేది. ఆ మార్చిలో నగరంలో నీటి ఎద్దడి వచ్చి, తాగునీటిని తోటలకూ కార్లు కడగడానికీ వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ఉత్తర్వు ఇచ్చింది. అప్పుడు తోట లైనును మూలనున్న ఒక పాత ఉప్పు బోరుకు తిప్పారు. ఎద్దడి పోయాక ఎవరూ వెనక్కి తిప్పలేదు. పసుపు కనబడింది ఆ తర్వాత ఐదు నెలలకు.

గోడ పక్క 8.2కు మరో కారణం ఉంది. అనుమానం వచ్చి ఒక చెంచాడు మట్టిని టైల్ ముక్క మీద పోసి, బాత్‌రూమ్ కడిగే హైడ్రోక్లోరిక్ ఆమ్లం మూడు చుక్కలు వేశాం. చుయ్‌మని సోడా కొట్టినట్టు నురగ లేచింది. మడి మధ్య మట్టికి చిన్న బుడగలు. పైపు కింది మట్టికి ఏమీ లేదు. తవ్వితే అడుగు లోతులో గోడ కట్టినప్పటి మాల్ (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద), పగిలిన దిమ్మెలు, ప్లాస్టరింగ్ పెచ్చులు. (ఆ ఆమ్లం చేతి మీద పడకూడదు, బ్లీచింగ్ దగ్గరకు అసలు తీసుకెళ్లకూడదు. పరీక్షకు మూడు చుక్కలు చాలు.)

చేసిన పని

వరస ముఖ్యం. ముందు నీళ్లు, తర్వాత నేల, ఆ తర్వాతే ఇనుము. వరస తిప్పితే ఇనుము కొన్న డబ్బు డ్రిప్పులో కొట్టుకుపోతుంది.

నీళ్ల కోసం ఆ పగిలిన పైపునే వాడుకున్నాం. దాన్ని 2,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులోకి మళ్లించి, మొదటి వాన కడుగునీళ్లు పక్కకు పోయేలా వాల్వు పెట్టించాం. క్లబ్‌హౌస్ కప్పు 100 చదరపు మీటర్లు. 10 మిల్లీమీటర్ల వానకు పోయేది పోగా 850 లీటర్లు దొరుకుతాయి. అంటే 23, 24 మిల్లీమీటర్ల వాన పడితే ట్యాంకు నిండుతుంది. సిమెంటు తొట్టి వద్దన్నాం, వాననీళ్లు సిమెంటును తిని మళ్లీ క్షారం ఎక్కించుకుంటాయి. కప్పు మీద సున్నం కొట్టినా అంతే.

ఫిబ్రవరి నుంచి మే దాకా వాన నమ్ముకోలేం కాబట్టి బోరు నీళ్లనే పులిపించాల్సి వచ్చింది. డ్రిప్పు ఆపేసి రోజు విడిచి రోజు మొక్కకు 8 లీటర్లు, 24 మొక్కలకు 192 లీటర్లు, అంటే ఒక 200 లీటర్ల డ్రమ్ము. డ్రమ్ముకు 70 గ్రాముల నిమ్మ ఉప్పు. ఇది మా నీటి క్షారతకు వేసిన లెక్క. క్షారత 150 ఉన్నవాళ్లు ఇదే కొలత వేస్తే నీళ్లు మరీ పులిసిపోతాయి. క్షారతలో నాలుగింట మూడు వంతులు విరిచి, ఒక వంతు వదిలెయ్యాలి.

కలపగానే నీళ్లలో సన్నటి బుడగలు లేస్తాయి, అది బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్). పావుగంట తర్వాత కొలిస్తే పీహెచ్ 6 చుట్టూ ఉంది. మర్నాడు పొద్దున అదే డ్రమ్ములో 6.9 చూపించింది. మాలి కంగారుపడి ఇంకో 70 గ్రాములు వెయ్యబోయాడు. వెయ్యకూడదు. వాయువు గాల్లోకి పోయాక పీహెచ్ పైకి లేస్తుంది, కానీ విరిగిన క్షారత తిరిగి రాదు. అంకె చూసి రెండోసారి వేస్తే వేళ్లు కాలతాయి.

నిమ్మ ఉప్పుకు ఒక లోపం ఉంది, దాచకూడదు. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి, తిన్నాక కొంత క్షారం మళ్లీ మిగులుతుంది. అందుకే ఇది వేసవి గట్టెక్కించే ఉపాయమే. ఏడాది పొడవునా దీని మీదే బతకాలనుకుంటే కుదరదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడే పద్ధతి పెద్ద నర్సరీల్లో ఉంది. పిల్లలు తిరిగే ఆవరణలో మేం దాని జోలికి పోలేదు.

నేల పని ఫిబ్రవరి మొదటి వారంలో. గోడ వెంట 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు కందకం తీస్తే 11 సిమెంటు సంచుల కట్టడపు చెత్త వచ్చింది. గోడ వైపు మందపాటి ప్లాస్టిక్ షీటు నిలబెట్టి, ఎర్రమట్టి రెండు పాళ్లు, ఆకుల ఎరువు ఒక పాలు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు కలిపి నింపాం. కడగని కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది. బకెట్టులో మూడు నీళ్లు మార్చి పిండితే సరి. తవ్వకంలో మొక్కకు 30 సెంటీమీటర్ల లోపలి వేళ్ల జోలికి వెళ్లలేదు.

తర్వాత గంధకం. మొక్కకు 50 గ్రాముల నీటిలో కలిసే (వెటబుల్) గంధకం, మొదలుకు జానెడు దూరంలో వలయంగా చల్లి, రెండు అంగుళాల లోతు మట్టిలో కలిపి, పైన ఎండాకుల కప్పు. మళ్లీ జూన్‌లో ఇంకో 50. లెక్క ఇది: 100 గ్రాముల గంధకం దాదాపు 310 గ్రాముల సున్నపురాయిని విరుస్తుంది, పడినది 240. అయితే గంధకం తనంతట తాను ఆమ్లం కాదు. నేలలోని బాక్టీరియా దాన్ని ఆమ్లంగా మార్చాలి, దానికి తేమా వెచ్చదనమూ ఆరు నుంచి ఎనిమిది వారాలూ కావాలి. పదో రోజున "ఏం మారలేదే" అని ఫోన్ వచ్చింది. ఫిబ్రవరిలో చల్లిన గంధకం ఏప్రిల్లో పనిచేస్తుందని ముందే కాగితం మీద రాసివ్వాల్సింది.

ఇనుము రెండు దారుల్లో ఇచ్చాం. ఆకుల మీద అన్నభేది, నిమ్మ ఉప్పు పై కొలతలోనే, వారానికోసారి మూడు వారాలు. అన్నభేది లేత ఆకుపచ్చ పలుకుల్లా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగిన పొడి తుప్పుతో సమానం, ఎంత చల్లినా ఆకు తీసుకోదు. మొదళ్లలోకి ఇనుము చీలేట్ (ఇనుము నేలలో బిగిసిపోకుండా పట్టి ఉంచే మందు) పోశాం. షాపుల్లో ఎక్కువగా దొరికేది ఈడీటీఏ రకం. అది పీహెచ్ 6.5 దాటితే ఇనుమును వదిలేస్తుంది, 7.6 మట్టిలో పోసినా పోయకపోయినా ఒకటే. ఈడీడీహెచ్ఏ రకం 9 దాకా పట్టుకుని ఉంటుంది. ఖరీదు ఎక్కువే, కానీ ఈ మట్టికి అదే. మొక్కకు 5 గ్రాములు 5 లీటర్ల నీళ్లలో, నెల తేడాతో రెండుసార్లు. నీళ్లు ఎర్ర కుంకుమ కలిపినట్టు అవుతాయి. వెలుతురుకు చెడుతుంది కాబట్టి సాయంత్రం పోసి పైన మళ్లీ కాసిని నీళ్లు కొట్టాలి.

ఎరువులన్నీ ఆపేశాం. మార్చి నుంచి సెప్టెంబరు దాకా నెలకు మొక్కకు 10 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్, 5 గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ మాత్రమే. అమ్మోనియం రూపంలో నత్రజని తీసుకునేటప్పుడు వేళ్లు తమ చుట్టూ నేలను తామే పులిపిస్తాయి. కాల్షియం నైట్రేట్ ఇస్తే దానికి సరిగ్గా ఎదురు.

తప్పులు

మూడు తప్పులు జరిగాయి, మూడూ మామూలుగా జరిగేవే.

మొదటిది జనవరి నీళ్లు. ఆకులు రాలుతున్నాయని మేం వెళ్లకముందు రోజుకు రెండుసార్లు డ్రిప్పు వదిలారు. రాలిన ఆకులు ఏరి చూస్తే ఎక్కువ భాగం కింది ముదురాకులు, మచ్చ లేకుండా ఒకే రీతిన పసుపెక్కి రాలినవి. అది ఈ మొక్క చలికాలపు అలవాటు. జబ్బు చిగురులో ఉంది, రాలుడు అడుగున ఉంది. రెండూ ఒకేసారి వచ్చేసరికి ఒకటే అనుకున్నారు. పల్లపు కొసన ఉన్న 23, 24 మొక్కల వేళ్లు కుళ్లాయి. పీకి చూస్తే వేరు తొక్క చేతికి ఊడొచ్చి లోపల దారంలా మిగిలింది. ఆ రెంటినీ తీసేశాం. మిగిలినవాటికి ఫిబ్రవరి మధ్య దాకా, మట్టి రెండంగుళాలు ఎండాకే నీళ్లు. పూతకు ముందు ఆ కాస్త దప్పిక అవసరం కూడా.

రెండోది పిచికారీ. రెండో వారం మేం లేనప్పుడు అన్నభేదిని బోరు నీళ్లలోనే కలిపి పదకొండు గంటల ఎండలో కొట్టారు. గట్టి నీళ్లలో అన్నభేది వెంటనే తుప్పు రంగుకు తిరిగి అడుగున పేరుకుంటుంది. పేరుకోనిది ఎండలో ఆకు మీద నల్లమచ్చలు పెట్టింది. కొత్తగా వేసిన తెల్లరంగు గోడ మీద నాలుగు మీటర్ల మేర గోధుమ చారలు. గోడ చారల మీద వచ్చినన్ని ఫిర్యాదులు నాలుగు నెలల పసుపు ఆకుల మీద రాలేదు. పిచికారీకి వాననీళ్లు లేదా ఆర్వో నీళ్లు, సాయంత్రం ఐదు తర్వాత, గోడకు గోనెపట్టా కట్టి. మొగ్గలు విచ్చాక కొట్టకూడదు, పూరేకుల మీద కూడా మరక పడుతుంది.

మూడోది కత్తిరింపు, ఇదే ఎక్కువ నష్టం చేసింది. ఈ మొక్క కొత్త కొమ్మల కొసల్లో పూస్తుంది. మార్చి నుంచి మే పూత అయిపోగానే, జూన్‌లో మూడో వంతు పొడవు తగ్గించి, లోపలికి పెరిగిన కొమ్మలు తీసెయ్యాలి. అప్పుడు వానల్లో వచ్చిన చిగుళ్లు సెప్టెంబరులో చిన్న పూత ఇస్తాయి, చలికి ముదిరి మార్చిలో పెద్ద పూత ఇస్తాయి. జూన్ కత్తిరింపు సరిగ్గానే చేశాం. ఆగస్టు 15 జెండా వందనానికి మడి ముచ్చటగా ఉండాలని ఆగస్టు మొదటి వారంలో హెడ్జ్ కత్తెరతో పొదలన్నిటినీ డబ్బాల్లా చెక్కేశారు. సెప్టెంబరు పూత 22 మొక్కల్లో నాలుగైదింటికే వచ్చింది, అదీ కత్తెర అందని గోడ వైపు కొమ్మలకు. నున్నటి పెట్టె ఆకారం కావాలంటే దురంటా వేసుకోవచ్చు. ఇది పువ్వు కోసం పెంచే పొద, చేతి కత్తెరతో కొమ్మ కొమ్మా చూసి కత్తిరించాలి.

ఫలితం

పాత తెల్ల ఆకులు తిరిగి ఆకుపచ్చబడవు, అంచు మాడినవి అలాగే రాలతాయి. చూడాల్సింది కొత్త ఆకునే. మార్చి మొదటి వారం చిగురు ఇంకా లేత పసుపే, పూత పలుచన. ఏప్రిల్ చివరి చిగురులో ఈనెల మధ్య రంగు నిండింది. జూలైలో 22లో 17 మొక్కలు పైపు కింది మూడింటితో సమానంగా వచ్చాయి. అక్టోబరులో మట్టి పీహెచ్ మడి మధ్యలో 6.7, గోడ వైపు 7.1. మూడు మొక్కలు గోడ మూలన ఇంకా మసకగానే ఉన్నాయి, అక్కడ పునాది దిమ్మె అడ్డొచ్చి కందకం లోతుగా తవ్వలేకపోయాం. వాటికి ఈడీడీహెచ్ఏ మూడోసారి ఇచ్చాం.

చనిపోయిన రెంటి చోటికి బయట కొనకుండా ఏడో మొక్క నుంచే కొమ్మలు తీశాం. జూన్ కత్తిరింపులో వచ్చిన సగం ముదిరిన కొమ్మలు, 10 సెంటీమీటర్ల ముక్కలు, కొసన రెండాకులు ఉంచి, 3,000 పీపీఎం ఐబీఏ (వేరు పుట్టించే హార్మోన్) పొడి అద్ది, ఇసుక, కొబ్బరి పొట్టు సమంగా కలిపిన ట్రేలో గుచ్చి పైన పాలిథిన్ కప్పాం. ఇది తొందరపడే మొక్క కాదు. మందారంలా మూడు వారాల్లో వేరు చూపించదు. తొమ్మిదో వారంలో 12లో ఐదు పట్టాయి. లాగి చూసే అలవాటున్నవాళ్లకు ఐదు కూడా మిగలవు.

ఆవరణలో పెంపుడు కుక్కలు ఉన్నాయి కాబట్టి ఇంకో పని చేశాం. ఈ మొక్కలో అన్ని భాగాలూ, ముఖ్యంగా కాయలూ గింజలూ, కుక్కలకు విషం. వాంతులు, వణుకు, కాళ్లు బిగుసుకోవడం, ఫిట్లు వస్తాయి. విరుగుడు మందంటూ ప్రత్యేకంగా లేదు, వెంటనే పశువైద్యుడి దగ్గరకు పరిగెత్తాల్సిందే. కాయలు అరుదుగానే కడతాయి, అయినా పూత రాలాక వారానికోసారి ఏరి తీసెయ్యమన్నాం. కత్తిరించిన కొమ్మలను అక్కడే కుప్ప వెయ్యకుండా అదే రోజు బయటికి పంపిస్తున్నారు. మడికి ముందు మోకాలెత్తు జాలీ, దాని మీద తెలుగులోనూ కన్నడలోనూ హెచ్చరిక ఉన్నాయి.

పిండినల్లి మే నెలలో ఆరు మొక్కల చిగుళ్లకు పట్టింది. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు, వారం తేడాతో రెండుసార్లు కొడితే పోయింది. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

ఇప్పుడు తోట రిజిస్టర్‌లో నడుస్తున్న పద్ధతి ఇది. వాన ట్యాంకులో నీళ్లున్నన్ని రోజులు అవే, ఒక ట్యాంకు రోజు విడిచి రోజు లెక్కన 20 రోజులు వస్తుంది. ట్యాంకు అడుగంటితే నిమ్మ ఉప్పు డ్రమ్ము. బోరు క్షారత ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, కొలిచి నిమ్మ ఉప్పు తూకం మార్చుకోవాలి, ఎందుకంటే వేసవిలో బోరు నీళ్లు చిక్కబడతాయి. గంధకం ఫిబ్రవరి, జూన్ నెలల్లో, ఇకపై మొక్కకు 30 గ్రాములు. నవంబరులో కాంపౌండ్ గోడకు మళ్లీ ప్లాస్టరింగ్ అనుకుంటున్నారు. మడి మొత్తానికి టార్పాలిన్ పరిచి, అంచులు ఇటుకలతో అదిమాకే మేస్త్రీని మాల్ కలపనివ్వాలని పని ఒప్పందంలో రాయించాం.